పంచాయతీ రికార్డులు – డిస్కు ఫార్మాటు చేయుటలో జాగ్రత్తలు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటలాడదలచిన విషయము పైకి చూచిన మీ పనికి సంబంధించినది కానట్లు తోచవచ్చును. లినక్సు అను ఆపరేటింగ్ సిస్టము గల కంప్యూటరుపై హార్డు డిస్కులను, పెన్ డ్రైవులను ఫార్మాటు చేయుట ఎట్లు అనునది ఆ విషయము. "ఇది కంప్యూటరు ఆపరేటరు పని గదా, మాకేల?" అని మీరడుగవచ్చును. ఫార్మాటు చేయు చేయి ఆపరేటరుదే. కాని రికార్డు పోయిననాడు గ్రామమునకు జవాబు చెప్పవలసినవారు మీరు. కావున ఆజ్ఞలన్నియు మీరు కంఠస్థము చేయనక్కరలేదు గాని, ఏ ప్రశ్న ఏ సమయమున అడుగవలెనో తెలిసియుండవలెను.

మొదట నా తప్పు నొకదానిని చెప్పుకొందును. కొన్ని ఏండ్ల క్రిందట నేనొక గ్రామ పంచాయతీ కార్యాలయమున పాత రిజిస్టర్లకు ఫొటోలు తీసి కంప్యూటరున భద్రపరచు పనిలో ఉంటిని. అచ్చటి ఇంటిపన్ను డిమాండు రిజిస్టర్లు, తీర్మానముల పుస్తకములు వాన నీటికి తడిసి, చెదలు పట్టి, ముట్టుకొన్నచో పొడి రాలు స్థితిలో నుండెను. నెలన్నర శ్రమించి ఒక్కొక్క పుటకు ఫొటో తీసి, వార్డు, పుస్తకము, పుట సంఖ్యలతో పేరు పెట్టి, అన్నింటిని ఒక విడి హార్డు డిస్కులోనికి ఎక్కించితిమి. రెండవ ప్రతి తీయలేదు. "రేపు తీయుదము" అనుకొంటిమి.

ఆ సాయంకాలము పై కార్యాలయమునకు కొన్ని కాగితములు పంపుటకై ఒక పెన్ డ్రైవును ఫార్మాటు చేయవలసి వచ్చెను. ముందటి దినముననే అదే పెన్ డ్రైవును ఒకసారి ఫార్మాటు చేసియుంటిని. అప్పుడు కంప్యూటరు దానికి ఎస్‌డిబి అను పేరు పెట్టినది. ఆ పేరే మనస్సున నుంచుకొని, మరల చూడకుండ, నిన్నటి ఆజ్ఞలనే వరుసగా తిరిగి ఇచ్చితిని. ఆ దినమున హార్డు డిస్కును ముందుగా తగిలించియుంటిమి. అందుచే ఎస్‌డిబి అను పేరు దానికి పోయినది. పెన్ డ్రైవునకు తరువాతి పేరగు ఎస్‌డిసి వచ్చినది. ఆజ్ఞ ముగియుటకు కొన్ని క్షణములే పట్టినవి. నెలన్నర పని ఆ క్షణములలో ఖాళీ డిస్కుగా కనబడినది.

తరువాత ఏమి జరిగినదో పిమ్మట చెప్పెదను. దానికి ముందు ఫార్మాటు అనగా నేమో తెలిసికొందము.

మీలో అడంగలు ఎరుగనివారు లేరు. ఊరి పొలము ఒకటి. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పైరు వేసిరో తెలుపు అడంగలు మరియొకటి. డిస్కునందును ఇట్లే రెండు గలవు. మన ఫొటోలు, లెక్కలు, తీర్మానములు నిలిచియుండు తావు పొలము వంటిది. ఏ ఫైలు ఏ తావున మొదలై ఎచ్చట ముగియునో, దాని పేరేమో, అది ఎవరిదో వ్రాసియుండు పట్టిక అడంగలు వంటిది. ఈ పట్టికను నడుపు పద్ధతిని ఫైలు సిస్టము అందురు. పొలమునకు హద్దురాళ్లు పాతినట్లు డిస్కును కొన్ని భాగములుగా విభజింపవచ్చును. ఆ భాగములను పార్టిషన్లు అందురు. ఒక్కొక్క పార్టిషనునకు ఒక్కొక్క పట్టిక ఉండును.

ఫార్మాటు చేయుట యనగా పాత అడంగలును త్రోసివేసి, తెల్ల పుటలు గల క్రొత్త అడంగలును తెరచుట. పొలములోని పైరును కోయుట గాదు. సామాన్యముగ చేయు ఫార్మాటు కొన్ని క్షణములలో ముగియుటకు కారణమిదే. పైరు ఉన్నచోటనే ఉండును. కాని అది ఎవరిదో, ఎంతవరకో చెప్పువారు ఉండరు. క్రొత్త ఫైళ్లు వ్రాయుకొలది పాతవానిపై క్రొత్త పైరు పడి, పాతది నిజముగ నశించును. ఈ ఒక్క సంగతిని మరువకున్నచో, నేను నేడు చెప్పు జాగ్రత్తలన్నియు దానినుండియే పుట్టుచున్నవని మీకే తోచును.

ఇక లినక్సును గూర్చి రెండు మాటలు. 1991లో ఫిన్‌లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దీని మూలభాగమును వ్రాసి నలుగురికి పంచెను. అంతకు పూర్వమే, 1983లో, అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను పేర స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్మాణమును ప్రకటించియుండెను. ఈ రెండును కలిసి నేడు మనము వాడు వ్యవస్థ ఏర్పడినది. దీని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. మన దేశమున సి-డాక్ సంస్థ దీని ఆధారముననే బాస్ అను ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపైననే నడచుచున్నది. 2015లో భారత ప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు వాడకమును గూర్చి ఒక విధానమును ప్రకటించినది. లైసెన్సు ఖర్చు లేకపోవుట, పాత కంప్యూటరుపైనను పనిచేయు రకములు ఉండుట చిన్న పంచాయతీలకు మేలు.

అయితే ఒక హెచ్చరిక. లినక్సు యజమాని మాటను తు.చ. తప్పక పాటించు పాలేరు వంటిది. నిర్వాహకుని అధికారముతో ఆజ్ఞ ఇచ్చినచో "నిజముగ చేయమందురా?" అని ప్రతిమారు అడుగదు. ఇఎక్స్‌టి4 పద్ధతిన ఫార్మాటు చేయు ఆజ్ఞ, డిస్కుపై పాత ఫైలు సిస్టము కనబడినచో ఒకసారి ఆగి అడుగును. అన్ని ఆజ్ఞలును అట్లడుగవు. నేను ఆనాడు వాడినది అడుగని ఆజ్ఞ. కావున అడుగవలసిన ప్రశ్న మనమే వేసికొనవలెను.

ఫార్మాటు చేయు క్రమము ఇది.

మొదటిది, ఫార్మాటు చేయబోవు డిస్కులో ఏమున్నదో తెరచి చూడవలెను. కావలసినదేదైన ఉన్నచో మరియొకచోటికి ప్రతి తీసి, ఆ ప్రతిని వేరొక కంప్యూటరుపై తెరచి, నాలుగు ఫైళ్లు చదివి చూడవలెను. తెరువని ప్రతి ప్రతి గాదు.

రెండవది, ఆ పనికి అక్కరలేని విడి డిస్కులను, పెన్ డ్రైవులను అన్నింటిని తీసివేయవలెను. తగిలించియుండని డిస్కును ఎవరును పొరపాటున చెరుపజాలరు. నేను చెప్పు జాగ్రత్తలలో ఖర్చు లేనిది, మేలైనది ఇదియే.

మూడవది, డిస్కును గుర్తించుట. టెర్మినల్ అను కిటికీ తెరచి, ఎల్, ఎస్, బి, ఎల్, కె అను ఐదు ఇంగ్లీషు అక్షరములు కలిపి కొట్టినచో, కంప్యూటరునకు తగిలియున్న డిస్కుల జాబితా, వాని పరిమాణములు కనబడును. పెన్ డ్రైవు పెట్టకముందు ఒకసారి, పెట్టిన పిదప ఒకసారి ఈ జాబితా చూడవలెను. రెండవమారు క్రొత్తగా వచ్చిన పేరే మనకు కావలసినది. ఎస్‌డిఎ, ఎస్‌డిబి అనునవి పూర్తి డిస్కుల పేర్లు. ఎస్‌డిబి1, ఎస్‌డిబి2 అనునవి ఆ డిస్కులోని పార్టిషన్లు. ఈ పేర్లు ఆధారు సంఖ్యవలె శాశ్వతములు గావు. డిస్కులు కంప్యూటరునకు కనబడిన వరుసనుబట్టి మారుచుండును. నిన్నటి పేరు నేడు నమ్మరాదు.

పేరుతోబాటు పరిమాణమును సరిచూడవలెను. ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. పైన 32 గిగాబైట్లని ముద్రించిన పెన్ డ్రైవు జాబితాలో 29.8 అని గాని, అంతకు కొంచెము తక్కువగా గాని కనబడును. ఇది దుకాణదారుని మోసము గాదు. తయారుచేయువారు వేయింటిని ఒక మెట్టుగా లెక్కింతురు. ఈ జాబితా 1024ను ఒక మెట్టుగా లెక్కించును. శేరుకు, కిలోకు గల భేదము వంటిదే ఇది. పెన్ డ్రైవు 29 అని, హార్డు డిస్కు 931 అని కనబడుచుండగా రెండింటిని తారుమారు చేయుట కన్నులు మూసికొన్నవానికే సాధ్యము. ఆనాడు నేను మూసికొంటిని.

నాల్గవది, ఆ పార్టిషనును వాడుకనుండి విడదీయవలెను. ఇందుకు యుమౌంట్ అను ఆజ్ఞ కలదు. వాడుకలోనున్న పార్టిషనును ఇఎక్స్‌టి4గా ఫార్మాటు చేయబోయినచో కంప్యూటరు నిరాకరించును. అట్టి నిరాకరణ వచ్చినప్పుడు కోపగించి బలవంతము చేయరాదు. "ఇది నేననుకొన్న డిస్కేనా?" అని మొదటికి వచ్చి చూడవలెను.

ఐదవది, ఫార్మాటు ఆజ్ఞ. ఎంకెఎఫ్‌ఎస్ అను మాటకు చుక్క పెట్టి, ఫైలు సిస్టము పేరు చేర్చి, తరువాత పార్టిషను పేరు వ్రాయవలెను. ఎంటరు మీట నొక్కుటకు ముందు ప్రక్కనున్న రెండవ మనిషి ఆ పేరును పైకి చదువవలెను. వ్రాసినవాని కన్ను తాను వ్రాయదలచినదే చూచును. వినువాని చెవి వ్రాసినదానిని వినును. ఆజ్ఞలు అలవాటు లేనివారికి డిస్క్స్ అను బొమ్మల కిటికీ గల ప్రోగ్రాము కలదు. అందు డిస్కు తయారీ పేరు, పరిమాణము పక్కపక్కనే కనబడును. దానిని వాడుట చిన్నతనము గాదు.

ఆరవది, పని ముగిసిన పిదప డిస్కును వెంటనే లాగివేయరాదు. వ్రాయవలసినది ఇంకను కంప్యూటరు జ్ఞాపకమున మిగిలియుండవచ్చును. విడదీయు ఆజ్ఞ ఇచ్చి, అది ముగిసిన పిమ్మట తీయవలెను.

ఏ ఫైలు సిస్టము ఎంచవలెనను ప్రశ్న ఒకటి కలదు. భూమినిబట్టి విత్తనము. పెన్ డ్రైవు మన కార్యాలయమునకు, విండోసు కంప్యూటర్లున్న ఇతర కార్యాలయములకు తిరుగునదైనచో ఫ్యాట్32 గాని ఎక్స్‌ఫ్యాట్ గాని తగును. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 గిగాబైట్లను మించరాదు. గ్రామసభ మొత్తము వీడియో తీసి ఒకే ఫైలుగ ఎక్కించబోయినచో, పెన్ డ్రైవులో ఎంత ఖాళీయున్నను "చోటు లేదు" అన్నట్లు నిరాకరించుటకు తరచు కారణమిదే. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు. 2019లో వెలువడిన 5.4 కెర్నెలు నుండి లినక్సు దానిని తనంతట తానే చదువగలదు. ఎచ్చటికి పోక కార్యాలయపు లినక్సు కంప్యూటరుతోనే ఉండు డిస్కునకు ఇఎక్స్‌టి4 మేలు. ఇది 2008 నుండి స్థిరముగ వాడుకలోనున్నది. కరెంటు హఠాత్తుగ పోయినప్పుడు పట్టిక చెడకుండుటకై ఇది చేయబోవు మార్పును ముందుగ ఒక చిట్టాలో వ్రాసికొనును. అయితే విండోసు దీనిని మామూలుగ చదువజాలదు. మరియు ఆజ్ఞతో క్రొత్తగ ఫార్మాటు చేసిన ఇఎక్స్‌టి4 డిస్కు మొదట నిర్వాహకుని పేరననే ఉండును. ఆపరేటరు పేరునకు అధికారము మార్చువరకు అతడు దానియందు ఒక్క ఫైలును వ్రాయలేడు. డిస్కు చెడినదని భ్రమపడి మరల మరల ఫార్మాటు చేయువారిని చూచితిని.

ఇప్పుడు నా కథ ముగింపునకు వత్తును. తప్పు తెలిసిన తక్షణము ఆ డిస్కులో మరేమియు వ్రాయకుండ తీసివేసితిమి. ఆనాడు మేము చేసిన మంచిపని అదొక్కటే. తరువాత ఫొటోరెక్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో డిస్కు నంతటిని వెదకగా, ఫొటోలు చాలవరకు దొరకినవి. కాని పైరు దొరకినదే గాని అడంగలు దొరకలేదు. ఏ ఫొటోకును పేరు లేదు. మేము పెట్టిన వార్డు, పుస్తకము, పుట సంఖ్యలకు బదులు ఒక్కొక్కదానికి ఒక అర్థములేని అంకె మిగిలినది.

ఆ దినములలో ఒక వృద్ధురాలు తన అత్తగారి పేరనున్న ఇంటిపన్ను పుటకు నకలు కోరి వచ్చెను. అసలు పుస్తకమున ఆ పుట చెదలపాలైనది. ఫొటో ఉన్నదని మాకు తెలియును, ఎచ్చటనున్నదో తెలియదు. "అమ్మా, రేపు రమ్ము" అని మూడుసార్లు పంపితిమి. మూడవమారు ఆమె గుమ్మముననే నిలిచి, "బాబూ, పుస్తకం పాడైందన్నారు, సరే. కంప్యూటర్లో భద్రంగా ఉందన్నారు. ఇప్పుడు అందులోనూ కనబడటం లేదంటున్నారు. మరి మా అత్త ఈ ఊళ్లో బతికినట్టా, లేనట్టా?" అనెను. నేను తల ఎత్తలేకపోతిని. నాలుగు వారములు కూర్చుండి ఒక్కొక్క ఫొటో తెరచి చదివి, మరల పేర్లు పెట్టిన పిమ్మట ఆమె పుట దొరకినది. కొన్ని పుటలు ఎన్నటికిని దొరకలేదు. వానియందు ఎవరి అత్తగారు ఉండిరో నాకు తెలియదు.

సభ్యులారా, ఒక సంగతి గమనింపుడు. ఫార్మాటు చేసినను ఫొటోలు తిరిగి దొరకుట ఆనాడు మాకు అదృష్టము. అదే సంగతి మరియొక తావున ప్రమాదము. పంచాయతీ పాత కంప్యూటరును వేలము వేయునప్పుడు "ఫార్మాటు చేసితిమి, అంతయు పోయినది" అని ఆపరేటరు చెప్పును. పోలేదు. కొనినవాడు అదే ఫొటోరెక్‌తో వెదకినచో గ్రామస్థుల ఆధారు నకళ్లు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు, పింఛనుదారుల వివరములు అతని చేతికి రావచ్చును. పౌరుల వ్యక్తిగత వివరముల రక్షణకై పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమునే చేసినది. చట్టము మాట అట్లుంచి, మనలను నమ్మి కాగితములిచ్చిన గ్రామస్థుని మానమును కాపాడుట మన ధర్మము.

కావున పాత హార్డు డిస్కును బయటికి పంపునప్పుడు ఫార్మాటు చాలదు. పొలము నంతటిని దున్నవలెను. మొదటి తావునుండి చివరి తావువరకు ఆ డిస్కునంతటిని సున్నాలతో గాని, అర్థము లేని అక్షరములతో గాని నింపవలెను. ష్రెడ్ అను ఆజ్ఞ ఈ పని చేయును. పెద్ద డిస్కునకు కొన్ని గంటలు పట్టును. గంటలు పట్టుటయే పని జరిగినదనుటకు గుర్తు. క్రొత్తరకపు ఎస్‌ఎస్‌డి డిస్కుల తీరు వేరు. అవి తమ అరలను తామే మార్చుకొనుచుండుటచే పైనుండి నింపినను కొన్ని అరలు మిగిలిపోవచ్చును. వానికి డిస్కులోనే అమర్చియుండు పూర్తి చెరుపు ఆజ్ఞను వాడవలెను. ఎస్‌ఎస్‌డి విషయమున మరియొక సంగతి. ఫార్మాటు చేయునప్పుడే పాత అరలు ఖాళీయని దానికి తెలుపబడుట కలదు. అట్లైనచో పొరపాటున ఫార్మాటు చేసినది తిరిగి దొరకునను ఆశ దాదాపు ఉండదు. పనిచేయని డిస్కు నుండి చెరుపుట సాధ్యము గాదు. దానిని ఎదుట పగులగొట్టించి, ఈ-వ్యర్థములు సేకరించు అధికృత సంస్థకు అప్పగింపవలెను.

ఇక ప్రతుల మాట. మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, ఒకటి వేరొక ఊరు – ఈ లెక్క ప్రపంచమంతట కంప్యూటరు పనివారు పాటించునది. కార్యాలయపు కంప్యూటరులో ఒకటి, బీరువాలోని విడి డిస్కులో ఒకటి, వేరొక ఊరిలో మూడవది ఉండవలెను. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన వచ్చినప్పుడు గ్రామములకు గ్రామములే తుడిచిపెట్టుకొని పోయినవి. ఒకే గదిలో నున్న మూడు ప్రతులు అట్టి దినమున ఒక్క ప్రతితో సమానము.

తుదకు, మీరు ఇండ్లకు పోయి చేయదగినది ఏమన, రాబోవు సమావేశమున ఒక చిన్న తీర్మానము చేయుడు. స్టాకు రిజిస్టరువలె డిస్కుల రిజిస్టరు ఒకటి తెరువుడు. ప్రతి డిస్కుకు ఒక సంఖ్య ఇచ్చి, దానిపై చీటీ అంటింపుడు. అందేమున్నదో, దాని రెండవ ప్రతి ఎచ్చట నున్నదో వ్రాయింపుడు. ఎవరైన ఫార్మాటు చేసినచో తేది, డిస్కు సంఖ్య, చేసినవారి సంతకము, ప్రక్కన నిలిచి చదివినవారి సంతకము ఉండవలెను. పని జరుగుటకు ముందు ఆపరేటరును నాలుగు ప్రశ్నలు అడుగుడు: ప్రతి తీసితివా? ఆ ప్రతిని తెరచి చూచితివా? ఇతర డిస్కులు తీసివేసితివా? ఈ పేరు ఇప్పుడు చూచినదా, నిన్న చూచినదా?

ఈ నాలుగు ప్రశ్నలకు కంప్యూటరు చదువు అక్కరలేదు. ఆనాడు నన్ను ఎవరైన ఈ చివరి ప్రశ్న అడిగియున్నచో, ఆ వృద్ధురాలు మూడుసార్లు ఎండలో నడచి రావలసిన పని ఉండెడిది కాదు.